చేతికి లొంగే గిటార్ ఎంతలో వస్తుంది?

ప్రశ్న: నా వయసు 36. ఉద్యోగం చేస్తున్నాను. అకూస్టిక్ గిటార్ నేర్చుకోవాలన్నది ఎన్నో ఏళ్ల కోరిక. దుకాణంలో మూడు చూశాను. అన్నిటికంటే చవకైన దానితో సంచి, బెల్టు, శ్రుతి సరిచూసే ట్యూనర్, అదనపు తీగలు ఉచితం అంటున్నారు. రెండోది దానికి రెట్టింపు ధర. ‘సాలిడ్ స్ప్రూస్ టాప్’ అని చీటీ మీద ఉంది. మూడోది పేరున్న కంపెనీది, మొదటిదానికి ఐదు రెట్లు. వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో ఇస్తారట. ఇవి కాక, నా స్నేహితురాలు పదేళ్లు వాడిన తన గిటార్‌ను చవక గిటార్ ధరలో సగానికి ఇస్తానంటోంది. మావారేమో ‘ఆరు నెలల్లో అటకెక్కే వస్తువు, చవకది చాలు’ అంటున్నారు. దేని మీద పెడితే డబ్బు వృథా కాదు? – ఒక పాఠకురాలు

జవాబు: మీవారి భయం సహేతుకమైనదేనమ్మా. ఆయన చెప్పిన విరుగుడుతోనే నాకు పేచీ. ఆరంభ శూరత్వం వల్ల అటకెక్కే గిటార్లు ఉన్నాయి, నిజమే. కానీ తీగ నొక్కితే వేలు కోసుకుపోతూ, ఎంత శ్రుతి చేసినా స్వరం పలకక, నేర్చుకునే మనిషే తనకు చేతకాదనుకొని పక్కన పెట్టేసినవీ ఉన్నాయి. ఆ రెండో రకం నష్టాన్ని కొనే రోజునే ఆపవచ్చు.

ముందు లెక్క చూద్దాం. చవక గిటార్ ధర 100 అనుకోండి. అప్పుడు రెండోది 200, మూడోది 500, మీ స్నేహితురాలిది 50. ఏది కొన్నా సెటప్‌కు, అంటే పని తెలిసిన వారి చేత తీగల ఎత్తు సరిచేయించడానికి, మరో 25 వేసుకుందాం. ఏడాది తర్వాత అమ్మితే చవకదానికి 30, రెండోదానికి 110 తిరిగి వస్తుందనుకుందాం. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు. మీరు విచారించిన ధరలు వీటి స్థానంలో పెట్టుకోండి. ఈ లెక్కన చవక గిటార్‌పై నికర ఖర్చు 95, రెండోదానిపై 115. దుకాణంలో 100గా కనిపించిన తేడా చివరికి 20 దగ్గర ఆగింది.

ఇప్పుడు దాన్ని మీరు వాయించే గంటలతో భాగించండి. వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట కూర్చుంటే ఏడాదికి 130 గంటలు. గంటకు చవకది 0.73, రెండోది 0.88. పెద్ద తేడా కాదు. అదే చవక గిటార్ మీ వేళ్లను ఏడిపించి 20 గంటలకే మాన్పించిందనుకోండి, గంట ఖర్చు 4.75 అవుతుంది. అంటే ఆరు రెట్లకు పైనే. ఈ లెక్కలో ధర కంటే గంటల బరువే ఎక్కువ. కాబట్టి ఏ గిటార్ మీ గంటలను పెంచుతుందో వెతకాలి. అది చీటీ మీద ఉండదు, చేత్తో పట్టుకొని చూస్తేనే తెలుస్తుంది.

ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గిటార్ కొన్నాను. ఎఫ్ కార్డు (ఒకేసారి మీటే స్వరాల గుంపు) కోసం చూపుడువేలు అడ్డంగా వేసి, గోరు తెల్లబడేదాకా నొక్కినా అన్నిటికంటే సన్నని ఒకటో తీగ టక్కుమని మూగబోయేది. నాలుగు నెలలు ప్రయత్నించి వదిలేశాను. మూడేళ్ల తర్వాత వాద్యాలు బాగుచేసే ఒక పెద్దాయన దాన్ని చూశారు. చిన్న ఉక్కు స్కేలు తీసి మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల్లో (ఫ్రెట్లలో) పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ కింద నిలబెట్టారు. దాదాపు 4 మిల్లీమీటర్ల ఎత్తు. తీగలు వదులుచేసి, పెట్టె మీద తీగలు బిగించే చెక్క ముక్క అయిన బ్రిడ్జి మీద ఉండే సాడిల్‌ను, ఆ సన్నని తెల్లని పట్టీని, పైకి లాగారు. అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి దాని అడుగును రుద్దారు, కొలిచారు, మళ్లీ రుద్దారు. మెడ చివర తీగలు కూర్చునే నట్ గాళ్లలో సన్నని ఆకురాయి నాలుగైదుసార్లు ఆడించారు. అరగంట పట్టింది. ఆ సాయంత్రమే ఎఫ్ కార్డు ఆరు తీగల మీదా పలికింది. గిటార్ అదే, వేళ్లూ అవే. ఆయన తీసుకున్న కూలి గిటార్ ధరలో చిన్న వంతు. మూడేళ్లు దానికోసం పోయాయి.

అందుకే దుకాణానికి వెళ్లేటప్పుడు మిల్లీమీటర్ల గుర్తులున్న సన్నని స్కేలు, ఒక పలుచని కాగితం, ఫోనులో ట్యూనర్ తీసుకెళ్లండి. పావుగంట అడగండి. ఇవ్వనన్న చోట కొనకండి.

గిటార్‌ను మొదట శ్రుతి చేయించండి. వదులు తీగల మీద ఏ కొలతా నిలవదు. పన్నెండో ఫ్రెట్ పైఅంచు నుంచి తీగ అడుగు దాకా కొలవండి. మోటుగా ఉండే ఆరో తీగ దగ్గర సుమారు 2.4, ఒకటో తీగ దగ్గర 1.6 నుంచి 1.8 మిల్లీమీటర్లు ఉంటే నేర్చుకునే చేతికి హాయి. ఆరో తీగ 3 దాటితే తగ్గించాలి. సాడిల్‌ను ఎంత అరగదీస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ అందులో సగమే దిగుతుంది. అక్కడ 0.8 తగ్గాలంటే సాడిల్ 1.6 అరగాలి. అరగడానికి సాడిల్ బ్రిడ్జి పైన అంత ఎత్తు ఉందా, అరిగాక తీగ ఆనడానికి ఇంకా మిగులుతుందా అని కంటితోనే చూడవచ్చు. లేకపోతే ఆ గిటార్ ఎంత చవకైనా దించేయండి.

తర్వాత నట్. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ మీద తీగకూ లోహానికీ మధ్య సందు చూడండి. కాగితం దూరేంత సన్నగా ఉంటే మంచిది. వెడల్పుగా కనబడితే నట్ ఎత్తుగా ఉన్నట్టే. కొత్తవారు మొదట నేర్చే కార్డులన్నీ ఆ మొదటి మూడు ఫ్రెట్లలోనే ఉంటాయి కనుక వేళ్ల బాధకు ముఖ్య కారణం అక్కడే దొరుకుతుంది. పైగా ఎత్తైన నట్ మీద తీగను కిందికి అంతదూరం లాగడంతో స్వరం శ్రుతి దాటి పైకి పోతుంది. చెవి బాగున్నవారికి తమ వాయింపే అపశ్రుతిగా వినిపిస్తుంది.

మెడ వంపు కూడా చూడాలి. ఆరో తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, మెడ పెట్టెను కలిసేచోట మరో చేత్తో నొక్కితే తీగే సూటి గీతలా పనికొస్తుంది. ఏడో ఫ్రెట్ ప్రాంతంలో 0.1 నుంచి 0.25 మిల్లీమీటర్ల సందు ఉండాలి. ఎక్కువ తక్కువలుంటే మెడ లోపలి లోహపు కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను తిప్పి సరిచేస్తారు. అది పనిచేస్తోందని దుకాణంవారినే తిప్పి చూపించమనండి.

స్వరశుద్ధి పరీక్ష ఇంకా తేలిక. పన్నెండో ఫ్రెట్ తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉంటుంది. అక్కడ తీగను తాకీ తాకనట్టు వేలు పెట్టి మీటితే గంటలాంటి స్వరం వస్తుంది. అదే చోట నొక్కి మీటండి. ట్యూనర్ మీద రెండూ ఒకటిగా ఉండాలి. ఆపై ఒక్కో తీగనూ ఒక్కో ఫ్రెట్ మీద మీటుకుంటూ వెళ్లండి. ఎక్కడైనా జరజరమంటే అక్కడి ఫ్రెట్లు ఎగుడుదిగుడుగా ఉండవచ్చు. చివరగా అరచేతిని మెడ అంచుల వెంట జార్చండి. ఫ్రెట్ కొసలు గీసుకుంటే చెక్క ఎండి కుంచించుకుపోయి ఉండవచ్చు. ఒకే మోడల్‌లో రెండు గిటార్లు ఒకలా ఉండవు కనుక మీరు పరీక్షించిన గిటార్‌నే ఇంటికి తెచ్చుకోండి. పెట్టె విప్పని ‘కొత్త పీసు’ ఇస్తామంటే వద్దనండి.

చీటీ మీది మాటల సంగతి. ‘సాలిడ్ టాప్’ అంటే పైచెక్క ఒకే మందమైన అసలు చెక్క. స్ప్రూస్ అనేది ఒక రకం చెట్టు కలప. ఉత్త ‘స్ప్రూస్ టాప్’ అని మాత్రమే ఉంటే పలుచని పొరలు అతికిన ప్లైవుడ్ కావచ్చు. పెట్టె మీది గుండ్రని రంధ్రం (సౌండ్ హోల్) అంచు చూస్తే తెలిసిపోతుంది. పైనున్న చెక్క గీతలు అంచు మీదుగా లోపలికి అలాగే సాగితే అసలు చెక్క. అడ్డంగా పొరలు కనిపిస్తే ప్లైవుడ్. అసలు చెక్క నిండుగా మోగుతుంది, అమ్మేటప్పుడు ధర పలుకుతుంది. కానీ తేమ హెచ్చుతగ్గులకు త్వరగా లోనవుతుంది. ప్లైవుడ్‌ను చిన్నచూపు చూడకండి. యమహా 1966లో తెచ్చిన ఎఫ్‌జి-180 పైచెక్క ప్లైవుడ్డే, దాన్ని ఇప్పటికీ ఇష్టంగా వెతుక్కొని కొనేవారున్నారు. సరైన ఎత్తున తీగలున్న ప్లైవుడ్ గిటార్‌కూ, తీగలు ఆకాశంలో ఉన్న అసలు చెక్క గిటార్‌కూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేర్చుకునేవారికి నేను మొదటిదే కొనిపెడతాను.

పరిమాణం గురించి ఒక మాట. దుకాణాల్లో ఎక్కువగా కనిపించే భారీ ఆకారం పేరు డ్రెడ్‌నాట్. మార్టిన్ కంపెనీ 1916లో తొలిసారి చేసినప్పుడు ఆనాటి బ్రిటిష్ యుద్ధనౌక పేరు పెట్టారు. మీ కుడిభుజం దాని మీదుగా ఎగబాకాల్సి వస్తుంటే చిన్న పెట్టె గిటార్ అడగండి. తీగ పొడవు 648 బదులు 630 మిల్లీమీటర్లు ఉంటే అవే తీగలకు బిగువు అయిదారు శాతం తగ్గుతుంది. తీగల మందం మార్చడం ఇంకా చవక. ఒకటో తీగ 12 నంబరు బదులు 10 నంబరు వేస్తే ఆ తీగ బిగువు 30 శాతం తగ్గుతుంది. మోత కాస్త పలుచనవుతుంది, మొదటి ఏడాదికి అది నష్టం కాదు.

ఇక మీ నాలుగు దారులు. ఉచిత సామాన్ల కట్ట విషయంలో, వాటిని తీసేసి గిటార్ ఒక్కటే ఎంతకిస్తారో అడగండి. ధర దిగితే అవి ఉచితం కావు. ట్యూనర్ ఫోనులో ఉంది, సంచి విడిగా దొరుకుతుంది. ఆ మిగిలిన డబ్బు సెటప్‌కు పోతే మీ వేళ్లకు మేలు.

మూడోది ఇప్పుడు వద్దు. గిటార్ మంచిదే కావచ్చు, వాయిదాల లెక్క బాగాలేదు. ‘మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారు?’ అని అడిగి చూడండి. 500 వస్తువును 460కి ఇస్తామన్నారంటే ఆ 40 వడ్డీయే. 12 నెలల్లో అసలు తగ్గుతూ పోతుంది కనుక అది ఏడాదికి సుమారు 16 శాతం కిందికి వస్తుంది. ప్రాసెసింగ్ రుసుము ఉంటే ఇంకా పైకి. పైగా ఆరు నెలలకు మానేసినా మరో ఆరు వాయిదాలు మిమ్మల్ని వెంటాడతాయి. వాయించని గిటార్‌కు నెలనెలా డబ్బు కట్టడం మనసుకు చాలా కష్టంగా ఉంటుంది. ఆ కష్టం మీకు నేను కోరుకోను.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది మీ స్నేహితురాలి గిటార్ మీద. కానీ దానికి ఒక గండం ఉంది. ఆరు తీగలూ కలిసి మెడను 70 కిలోలకు పైగా బలంతో నిరంతరం లాగుతుంటాయి. ఏళ్ల తరబడి ఆ లాగుడుకు కొన్ని గిటార్ల మెడ కోణమే మారిపోతుంది. పొడవాటి సూటి స్కేలును ఫ్రెట్ల మీదుగా బ్రిడ్జి దాకా ఆనించండి. దాని కొస బ్రిడ్జి పైఅంచును తాకితే, లేదా కాస్త పైనుంచి పోతే నిశ్చింత. బ్రిడ్జి ముఖానికి కిందుగా కొడితే మెడ విప్పి మళ్లీ బిగించాలి. ఆ మరమ్మతు ఇలాంటి గిటార్ ధరను మించిపోతుంది, ఉచితంగా ఇచ్చినా వద్దు. బ్రిడ్జి వెనుక అంచు కిందకి కాగితం దూరితే అతుకు వీడుతోంది. పైచెక్క కొద్దిగా ఉబ్బడం మామూలే, గుమ్మటంలా లేస్తే కాదు. చెక్క మీది గీతలకు, వెలిసిన రంగుకు భయపడకండి, అవి మీకు ధర తగ్గించే చుట్టాలు.

ఆమెను నెల రోజులు అరువడగండి. కొత్త తీగలు మీ ఖర్చుతో వేయించండి. మెడ నిలిచి, మీరూ నిలిస్తే 50 ఇచ్చి తీసుకొని 25తో సెటప్ చేయించండి. మొత్తం 75, దుకాణంలోని అతి చవక గిటార్ కంటే తక్కువ. మెడ నిలవకపోతే రెండో గిటార్‌కు వెళ్లండి. డబ్బు ఒకేసారి లేకపోతే నాలుగు నెలలు నెలకు 56 పక్కన పెడితే 225 చేరుతుంది, దాదాపుగా. ఆమె ఒప్పుకుంటే ఆ నాలుగు నెలలూ అరువు గిటార్‌తోనే సాధన సాగించవచ్చు.

ఏది తెచ్చుకున్నా ఏడాది ఖర్చులో రెండు మూడు జతల తీగలు రాసుకోండి. ఎండ తగిలే కిటికీ పక్కన, మూసిన కారులో పెట్టకండి. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చెక్కకు క్షేమం. అయితే రోజూ వాడే నెలల్లో గిటార్‌ను సంచిలో దాచవద్దు, కంటికి కనిపించేలా, చేతికందేలా గదిలో నిలబెట్టండి. మీవారికి ఈ జవాబు చూపించి, స్కేలు ఆయన చేతికిచ్చి, స్నేహితురాలి ఇంటికి ఇద్దరూ కలిసి వెళ్లండి. మెడ కోణం చూసేటప్పుడు ఒకరు గిటార్ పట్టుకుంటే మరొకరు కొలవాలి.