అత్తగారు ఓడ ఎక్కనంటున్నారు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. మావారు, నేను, 14 ఏళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు. అత్తయ్య, మామయ్య విజయవాడలో ఉంటారు. వాళ్ల నలభయ్యో పెళ్లిరోజుకని మావారు వచ్చే జూన్‌లో మా ఆరుగురికీ గ్రీసు దీవుల క్రూజ్ బుక్ చేశారు. ఏథెన్స్‌లో ఎక్కి ఏడు రాత్రుల తర్వాత మళ్లీ అక్కడే దిగుతాం. మధ్యలో ఒకరోజు టర్కీ. మాలో ఎవరూ ఇంతవరకు ఓడ ఎక్కలేదు. పైగా ఇది అందరికీ తెలిసిన పెద్ద ఓడ కాదు, నూటయాభై మంది కూడా పట్టని ఖరీదైన చిన్న ఓడ. అందులో వెళ్లొచ్చినవాళ్లు మాకు ఒక్కరూ తెలియదు. అత్తయ్యకి 61 ఏళ్లు. మొదట సరేనన్నారు. ఇప్పుడు రోజుకో సాకు. ఒకరోజు తిండి, ఒకరోజు మోకాళ్లు, ఇంకోరోజు ‘అక్కడ చీరలు బాగుంటాయా’ అని. చివరికి ‘మీరు వెళ్లి రండి, నేను ఇల్లు చూసుకుంటా’ అంటున్నారు. ఆవిడ పుట్టిల్లు అవనిగడ్డ దగ్గర. చిన్నప్పుడు ఉప్పెన చూశారట, నీళ్లంటే కొంచెం భయం అని మామయ్య అన్నారు. ‘ఇంత డబ్బు పోసి చేస్తే ఇదా’ అని మావారు కోపంగా ఉన్నారు. ‘అక్కడ నా వయసువాళ్లు ఎవరూ ఉండరు’ అని పాప ముఖం మాడ్చుకుంది. ఏం సర్దాలో, ఎవరికి ఎలా నచ్చజెప్పాలో తెలియక మధ్యలో నలిగిపోతున్నాను.

జవాబు: మీరు చాలా విషయాలు రాశారమ్మా. నేను మాత్రం ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ‘చిన్నప్పుడు ఉప్పెన చూశారట.’ మీ ఇంట్లో ఎవరూ ఆ మాట దగ్గర ఆగినట్టు లేదు.

1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రం వచ్చింది. సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. వేలమంది పోయారు. అప్పటికి మీ అత్తగారు పన్నెండు, పదమూడేళ్ల పిల్ల. ఆ రాత్రి ఆవిడ ఎక్కడున్నారో, తెల్లవారాక ఏం చూశారో, ఇంట్లోవాళ్లందరూ మిగిలారో లేదో మీకు తెలుసా? మీవారికి తెలుసా? తెలియకపోతే అందులో మీ తప్పు లేదు. ఆ తరంవాళ్లు అలాంటివి పిల్లలకు చెప్పుకోలేదు, పనుల్లో పడి మింగేశారు. కానీ ‘నీళ్లంటే కొంచెం భయం’ అనేది దానికి సరిపోయే మాట కాదు.

అందుకే తిండి, మోకాళ్లు, చీరలు అన్నవాటిని సాకులుగా చూడకండి. కొడుకు ఇంత ప్రేమగా చేసినదాన్ని కాదనలేక, అసలు భయం చెప్పుకోలేక, నోటికి వచ్చిన కారణం చెబుతున్నారు. మీరు ఒక్కో కారణానికీ సమాధానం వెతుకుతూ పోతే ఆవిడ ఇంకొకటి చెబుతూనే ఉంటారు.

ముందు మీవారు వాళ్లమ్మతో మాట్లాడాలి. మీరు కాదు, ఆయనే. అందరూ చుట్టూ ఉన్న వీడియో కాల్‌లో వద్దు. మధ్యాహ్నం మామయ్య కునుకు తీసే వేళ చూసి మామూలు ఫోన్ చెయ్యమనండి. ‘భయపడకమ్మా, ఏం కాదు’ అని మొదలుపెట్టొద్దు. ఆ మాట వినగానే ఆవిడ నోరు మూసుకుంటారు. ‘ఉప్పెన వచ్చిన రోజు మీరెక్కడున్నారమ్మా? నేనెప్పుడూ అడగలేదు’ అని అడిగి, ఇక మాట్లాడకుండా వినాలి. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వాలి. ఆ రోజు ఓడ సంగతే ఎత్తొద్దు. టికెట్ల గొడవ ఇంకో రోజు.

మీవారి కోపం కూడా నాకు అర్థమైంది. అమ్మానాన్నలకు ఎన్నడూ చూడనిది చూపించాలన్న ఆశ అది. డబ్బు మాట పైకి వస్తోంది గానీ లోపల ‘అమ్మకి నచ్చలేదు’ అన్న నొప్పి ఉంది. ఆ సంగతి ఆయనతో మెల్లగా చెప్పాల్సింది మీరే. ఒకటి మాత్రం నిజం. పెళ్లిరోజు వాళ్లది, ఎలా చేసుకోవాలో వాళ్లను అడగకుండానే బుక్ అయిపోయింది. దానికి ఆయన ఒకసారి ‘అడగాల్సింది అమ్మా’ అంటే చాలు, సగం బరువు దిగుతుంది.

రెండో ఫోన్‌లో ఓడ గురించి చెప్పండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఐదారు వేల మంది ఎక్కే పెద్ద ఓడ కంటే మీ చిన్న ఓడ ఎక్కువ ఊగుతుంది. నీళ్లు కూడా దగ్గరగా కనిపిస్తాయి. ఏజియన్ సముద్రంలో వేసవిలో ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి వీస్తుంది. దాని జోరు జులై, ఆగస్టుల్లో ఎక్కువ, జూన్‌లో కొంత నయం. ఇవి దాచిపెట్టి, ఎక్కాక తెలిస్తే ఆవిడ ఇక మిమ్మల్ని నమ్మరు. మంచివి కూడా చెప్పండి. ఇది రోజుల తరబడి నడిసముద్రంలో ఉండే ప్రయాణం కాదు. ఎక్కువగా రాత్రిళ్లు నడిచి పగలు ఏదో ఒక తీరంలో ఆగుతుంది. ఆ ప్రాంతంలో ఏదో ఒక దీవి చాలాసేపు కనిపిస్తూనే ఉంటుంది. గది ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో అడగండి. ఊగుడు అక్కడే తక్కువ. బాల్కనీ గది గొప్పగా ఉంటుందని పై అంతస్తులో కొసకు ఇస్తే వద్దనండి.

ఇంకొకటి, ఇది అస్సలు మరిచిపోవద్దు. ఓడ బయలుదేరేముందు, లేదంటే బయలుదేరిన వెంటనే, ప్రయాణికులందరికీ ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో నేర్పే డ్రిల్ చేయించాలి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ ప్రమాదం తర్వాత ఈ నియమాన్ని ఇంకా గట్టి చేశారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తుంది. సిబ్బంది లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో చూపిస్తారు, ఎక్కడ గుమిగూడాలో చెబుతారు. ఉప్పెన చూసిన మనిషికి ఆ కూత ముందు చెప్పకుండా చెవిన పడితే ఏమవుతుందో ఆలోచించండి. అది ఉత్తుత్తి కూత అని, ఎందుకు చేస్తారో, ఎప్పుడు చేస్తారో ఇంట్లోనే చెప్పండి. ఆ వేళకు ఆవిడ చెయ్యి పట్టుకుని మీవారు పక్కనే ఉండాలి. ఆ రోజు పంజాబీ డ్రెస్ వేసుకుంటే జాకెట్ తేలిగ్గా పడుతుంది. చీరే అయితే పైట గట్టిగా పిన్ను పెట్టుకోమనండి. మన దగ్గర బోటు అనగానే 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటు గుర్తొస్తుంది. ఈ ఓడలో తనకంటూ ఒక జాకెట్, తనకంటూ లైఫ్ బోటులో ఒక చోటు ఉందని కళ్లారా చూస్తే భయపడే మనిషికి అదే పెద్ద ఊరట.

అన్నిటికంటే కష్టం ఓడ ఎక్కడం కాదు, టెండర్ ఎక్కడం. కొన్ని చోట్ల ఓడ రేవుకు ఆనకుండా నీళ్లలోనే లంగరేసి, టెండర్ అనే చిన్న బోటులో ఒడ్డుకు చేరుస్తుంది. శాంతోరినిలో అంతే, అక్కడ సముద్రం అంత లోతు. ఊగే మెట్టు మీంచి ఊగే బోటులోకి అడుగు వెయ్యాలి. సిబ్బంది ఇద్దరు చేతులు పట్టుకుంటారు, అయినా మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు అది చిన్న పని కాదు. ఏ ఊళ్లో రేవుకు ఆనుతుంది, ఏ ఊళ్లో టెండర్ అని ఇప్పుడే కంపెనీని మెయిల్‌లో అడగండి. టెండర్ రోజున ఆవిడ ఓడలోనే ఉంటానంటే ఉండనివ్వండి, బతిమాలొద్దు. శాంతోరినిలో దిగితే మాత్రం పాత రేవు నుంచి కొండ మీది ఫీరా ఊరికి దాదాపు ఆరొందల మెట్లున్నాయి. వాటి జోలికి పోకుండా కేబుల్ కారులో వెళ్లండి. టర్కీలో ఎఫెసస్ శిథిలాలకు వెళ్తే పై గేటు నుంచి కిందికి దిగేలా చూసుకోండి. పాలరాతి బాట జారుతుంది, అడుగు పట్టుండే బూట్లు కావాలి.

తిండి విషయం ఆవిడ సాకుగా చెప్పినా అది నిజమైన అవసరమే. ‘వెజిటేరియన్’ అని రాసి వదిలేస్తే గుడ్డు, చేప సాస్, జంతువుల ఎముకలు, చర్మంతో చేసే జెలటిన్ వచ్చేస్తాయి. ఏమేం తినరో పేరు పేరునా రాసి, రెండు మూడు నెలల ముందే కంపెనీకి పంపండి. చిన్న ఓడ మేలు ఇక్కడే ఉంది. వంటమనిషితో నేరుగా మాట్లాడొచ్చు. ‘రేపు మా అత్తగారికి అన్నం, పప్పు, పెరుగు’ అంటే కుదురుతుంది. రైస్ కుక్కర్, కెటిల్ మాత్రం పెట్టెలో పెట్టకండి. వేడెక్కే సామాన్లను ఓడల్లో ఒప్పుకోరు, ఎక్కేటప్పుడే తీసి పెట్టేసుకుంటారు. బయటి నుంచి యూరప్‌లోకి పాలపదార్థాలు తేకూడదు కాబట్టి నెయ్యి, పాలకోవా వద్దు. కారప్పొడి, ఆవకాయ పట్టుకెళ్లండి, సీసాలో కాదు, రెండు కవర్లలో కట్టి. ఒడ్డున దిగినప్పుడు శాంతోరిని ఫావా అడగండి. పసుపురంగు పప్పును మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి ఇస్తారు. అచ్చం మన ముద్దపప్పు. మీ అత్తగారు పక్కన ఒక్క ఆవకాయ ముక్క పెట్టుకుంటే చాలు. ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి చేసే డోల్మాదెస్ కూడా బాగుంటాయి, కీమా లేదని అడిగాకే తినాలి. చీరల మాటకొస్తే, సాయంత్రం భోజనానికి ఆవిడ పట్టుచీర కంటే మేలైన బట్ట ఏముంటుంది?

కాగితాల పని ఆలస్యం చెయ్యకండి. అత్తమామలకు షెంగెన్ వీసా, అంటే గ్రీసుతో పాటు చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే వీసా కావాలి. టర్కీలో దిగి మళ్లీ గ్రీసులోకి వస్తారు కాబట్టి ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చే వీసా సరిపోదు, మల్టిపుల్ ఎంట్రీ అడగాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. టర్కీలో దిగడానికి విడిగా ఏం కావాలో ఓడ కంపెనీ చేత రాతలో చెప్పించుకోండి. ఓడలో డాక్టరు ఖర్చు చాలా ఎక్కువ. అత్యవసరంగా ఒడ్డుకు తరలించాల్సి వస్తే ఆ ఖర్చు కూడా బీమాలో ఉండాలి. రేవులో సిబ్బంది తీసుకున్న పెట్టెలు గదికి చేరడానికి గంటలు పడుతుంది, కాబట్టి మందులన్నీ చేతి సంచిలోనే పెట్టండి. వాంతుల మాత్ర పెద్దవాళ్లకు మగత తెస్తుంది. ముఖ్యంగా గ్లకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. ఇంట్లో ఒకసారి వేసి చూసి, పడిందో లేదో తెలుసుకుని ఓడ ఎక్కండి.

పాప అన్నది అబద్ధం కాదు. ఇలాంటి ఓడల్లో పిల్లల క్లబ్బులు, జారుడు బల్లలు ఉండవు. ‘నువ్వు అడ్జస్ట్ అవ్వాలి’ అనకండి. సొంతంగా ఒక పని ఇవ్వండి. నానమ్మ ఉప్పెన కథ ఎవరైనా రాసి పెట్టాలి కదా, అది పాప రాయాలి. నానమ్మ చెబితే ఫోన్‌లో రికార్డు చేసుకోమనండి. పద్నాలుగేళ్ల పిల్లకు, పన్నెండేళ్ల వయసులో నానమ్మ పడ్డ కష్టం మనందరికంటే బాగా అర్థమవుతుంది. ఒక్కోరోజు ఏ ఊళ్లో ఏం చూడాలో కూడా పాపనే ఎంచనివ్వండి. బాబు సంగతి వదిలెయ్యండి, తొమ్మిదేళ్లవాడికి ఓడే ఆటబొమ్మ. వయసు పరిమితి ఏమైనా ఉందేమో మాత్రం చూసుకోండి.

ఇన్ని చెప్పినా ఆవిడ ‘నేను ఎక్కలేను’ అంటే, ఆ మాటను గౌరవించండి. మిగతా డబ్బు కట్టే గడువు దాటితే రద్దు కోత పెరుగుతూ పోతుంది. ఆ తేదీ ఏదో ఇవాళే కంపెనీని అడిగి, దానికి రెండు వారాల ముందే ఆవిడ చేత ఔనో కాదో చెప్పించుకోండి. కాదంటే ఆ రెండు టికెట్లు రద్దు చేయించి, వాళ్లకు ఏథెన్స్ నుంచి రోడ్డు మీద రెండు గంటల దూరంలో ఉన్న నాఫ్‌ప్లియోలో ఒక హోటల్ చూడండి. మీరు ఓడ దిగాక అక్కడికే వెళ్లి, సముద్రం ఒడ్డున అందరూ కూర్చుని పెళ్లిరోజు చేసుకోవచ్చు. ఆవిడకు ఒడ్డు భయం లేదేమో, ముందు అదీ అడగండి.

ఔనంటే మాత్రం మామయ్యకు ఒక మాట చెప్పండి. ఎండలు ముదరకముందే ఒక సాయంత్రం ఆవిడను పున్నమి ఘాట్‌కు తీసుకెళ్లి, భవానీ ద్వీపం బోటు ఎక్కించమనండి. నది కాబట్టి అలలుండవు, లైఫ్ జాకెట్ ఇస్తారు, కాసేపట్లో అవతలి ఒడ్డు. మధ్యలో వెనక్కి తిప్పమంటే తిప్పించమనండి, ‘ఇంత దూరం వచ్చాక’ అనొద్దనండి. అక్కడ దిగి కాసేపు చెట్ల కింద కూర్చుని వచ్చాక, ఆ రాత్రి మీరు ఫోన్ చేసి ‘ఎలా అనిపించింది అత్తయ్యా’ అని అడగండి.