వైఫై కనబడని ల్యాప్‌టాప్ గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నీ మెయిల్ చదివాను. పాత ల్యాప్‌టాప్ కొని, అందులో లైనక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఉబుంటు వేసుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. వైఫై గుర్తే కనబడటం లేదనీ, మూడు రోజులుగా నెట్‌లో దొరికిన ఆదేశాలన్నీ టెర్మినల్‌లో కొట్టి చూస్తున్నాననీ రాశావు. ముందు అది ఆపు తల్లీ. వాటిలో ఏది ఏ కార్డు కోసం రాశారో, ఏ కాలపు కెర్నల్‌కు, అంటే సిస్టమ్‌కు గుండెలాంటి ప్రోగ్రాముకు, రాశారో నీకు తెలియదు. రోగమేమిటో తెలియకుండా పది మందులు మింగితే, తర్వాత కనబడే లక్షణం రోగానిదో మందులదో వైద్యుడు కూడా చెప్పలేడు.

నాకూ ఒకసారి ఇలాగే అయింది. ఒక రాత్రంతా కూర్చుని అయిదారు మార్పులు చేశాను, తెల్లవారేసరికి వైఫై వచ్చింది. ఏ మార్పు వల్ల వచ్చిందో గమనించలేదు, ఎక్కడా రాసుకోలేదు. కొన్ని వారాల తర్వాత కెర్నల్ అప్‌డేట్ కాగానే మళ్లీ పోయింది. మొదటి నుంచి వెతుక్కోవలసి వచ్చింది. అందుకే నిన్ను ఒక నోటుబుక్కు పెట్టుకోమంటున్నాను. ఒక్క మార్పు చేయి, రీస్టార్ట్ చేసి చూడు, ఫలితం రాయి. పనికిరాని మార్పును అప్పుడే తీసేయి. నువ్వు ఇప్పటికే చాలా మార్పులు చేశావు కాబట్టి, ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌తోనే లైవ్‌లో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే, బూట్ చేసి అక్కడ వైఫై వస్తుందేమో చూడు. అక్కడ వచ్చిందంటే కార్డు బాగానే ఉంది, నువ్వు చేసిన మార్పుల్లో ఏదో అడ్డుపడుతోంది. మళ్లీ శుభ్రంగా ఇన్‌స్టాల్ చేసుకోవడమే దగ్గరి దారి.

వైఫై లేకుండా ప్యాకేజీలు, అంటే సాఫ్ట్‌వేర్ మూటలు, ఎలా దించుకోవాలని అడిగావు. నీ ఫోనును కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోను సెట్టింగ్స్‌లో, నెట్‌ను కేబుల్ మీదుగా పంచే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయి. లైనక్స్‌లో దానికి వేరే డ్రైవరు, అంటే పరికరాన్ని నడిపే ప్రోగ్రాము, వేయనక్కర్లేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు తాము అందుకున్న హాస్టల్ వైఫైని కూడా ఈ కేబుల్ మీదుగా అందిస్తాయి, కాబట్టి డేటా అయిపోతుందన్న భయం కూడా అక్కర్లేదు.

ఇక అసలు పరీక్ష. ఆదేశాలన్నీ చిన్న ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి. వైఫైని ఎవరైనా ఆపి పెట్టారేమో తెలియడానికి మొదట ఆర్ఎఫ్‌కిల్ అనీ, ఒక ఖాళీ వదిలి లిస్ట్ అనీ కొట్టు. సాఫ్ట్ బ్లాక్ దగ్గర యెస్ (అవును) అని ఉంటే ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై అని కొడితే తెరుచుకుంటుంది. హార్డ్ బ్లాక్ దగ్గర యెస్ అని ఉంటే మాత్రం ఏ ఆదేశానికీ లొంగదు. ల్యాప్‌టాప్ అంచున చిన్న మీట ఉందేమో, కీబోర్డు పై వరుసలో వైఫై కీ ఉందేమో, మిషన్ ఆన్ కాగానే నడిచే బయోస్ సెట్టింగ్స్‌లో వైఫైని ఆపి పెట్టారేమో చూడాలి. పాత మిషన్లలో ఈ మీట చాలా మందిని రోజుల తరబడి తిప్పలు పెట్టింది.

తర్వాత ఎల్, ఎస్, పీ, సీ, ఐ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి ఎన్, ఎన్, కే అని కొట్టు. వచ్చే పొడవైన జాబితాలో నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరుస వెతుకు. ఆ వరుస చివర చదరపు బ్రాకెట్లలో రెండు సంఖ్యలు కోలన్‌తో విడివిడిగా ఉంటాయి. మొదటిది చిప్పు కంపెనీది: 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 168సీ అయితే అథెరోస్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్, 14సీ3 అయితే మీడియాటెక్. రెండోది ఆ చిప్పు సంఖ్య. నీ కార్డుకు ఈ జంట సంఖ్యే ఊరూ పేరూ. ల్యాప్‌టాప్ మోడల్ పేరు పెట్టి వెతికితే దారి తప్పుతావు, ఎందుకంటే ఒకే మోడల్‌లో వేర్వేరు కార్డులు బిగించి అమ్ముతారు. అసలు ఆ వరుసే కనబడకపోతే డ్రైవరు జోలికి పోకు. కార్డు ఊడిపోయి ఉండవచ్చు, లేదా బయోస్‌లో ఆపి ఉండవచ్చు.

ఆ వరుస కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అని ఉందో లేదో చూడు. అది ఉండి కూడా వైఫై రాకపోతే నూటికి ఎక్కువసార్లు లోపం ఫర్మ్‌వేర్‌లో ఉంటుంది. డ్రైవరు, ఫర్మ్‌వేర్ రెండూ ఒకటేనని చాలా మంది అనుకుంటారు. డ్రైవరు కెర్నల్‌లో భాగంగా నీ ప్రాసెసర్ మీద నడుస్తుంది. ఫర్మ్‌వేర్ కార్డులోని చిన్న చిప్పు మీద నడిచే ప్రోగ్రాము. కార్డు లేచిన ప్రతిసారీ డ్రైవరు దాన్ని లిబ్ అనే డైరెక్టరీలోని ఫర్మ్‌వేర్ ఫోల్డరు నుంచి తీసి కార్డులోకి పంపాలి. ఆ ఫైలు లేకపోతే ఎంత మంచి డ్రైవరైనా చేతులెత్తేస్తుంది. సుడోతో, అంటే అడ్మిన్ హక్కుతో, డీ, ఎం, ఈ, ఎస్, జీ అని కొట్టి, వచ్చే కెర్నల్ సందేశాల్లో ఫర్మ్‌వేర్ అన్న మాట కోసం వెతుకు. లోడ్ కాలేదని చెప్పే వాక్యం చివర మైనస్ 2 ఉంటే ఫైలు దొరకలేదని అర్థం. ఉబుంటులో లైనక్స్‌ ఫర్మ్‌వేర్ అన్న ప్యాకేజీని తాజా చేస్తే చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. ఉబుంటుకు మూలమైన డెబియన్ వాళ్లు సోర్సు, అంటే ప్రోగ్రాము రాసిన అసలు పాఠం, బయటపెట్టని ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లో చేర్చకుండా చాలాకాలం పట్టుబట్టారు. 2022లో ఓటింగ్ పెట్టుకుని, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి చేర్చారు. ఆ పట్టుదల మీద నాకు గౌరవం ఉంది, ఆ మార్పు కూడా సరైనదేనని నమ్ముతాను.

కార్డు కొత్తది, కెర్నల్ పాతది అయితే డ్రైవరే ఉండదు. ఇంటెల్ ఏఎక్స్210కి కనీసం 5.10 కెర్నల్ కావాలి. నీది పాత మిషన్ కాబట్టి ఈ బెడద ఉండకపోవచ్చు.

నీది 14ఈ4, అంటే బ్రాడ్‌కామ్, అయితే కొంచెం ఓపిక పట్టాలి. ఆ చిప్పుల పనితీరును కంపెనీ చెప్పకపోతే, స్వచ్ఛందంగా పనిచేసేవారు దాన్ని బయటి నుంచి గమనించి బీ43 డ్రైవరు రాశారు. 2010లో కంపెనీయే కొన్ని చిప్పులకు సోర్సుతో డ్రైవరు విడుదల చేసింది. అయినా 43142 లాంటి చిప్పులు డబ్ల్యూఎల్ అనే మూసిన డ్రైవరుతోనే పనిచేస్తాయి. ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ కిటికీ తెరిస్తే అది కనబడుతుంది, అక్కడి నుంచే వేసుకో. నెట్ నుంచి దించిన జిప్ ఫైలు జోలికి పోవద్దు. ఈ డ్రైవరు ప్రతి కొత్త కెర్నల్‌కూ మళ్లీ తయారవ్వాలి. ఆ పని డీకేఎంఎస్ అనే సాధనం చూసుకుంటుంది, కానీ ఆ కెర్నల్ హెడర్స్ ప్యాకేజీ ఉండాలి. అప్‌డేట్ తర్వాత వైఫై పోతే బెంబేలెత్తకు. బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకుంటే ఆ పూట గడుస్తుంది.

సంతకం లేని ప్రోగ్రాములను అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇంకో మెట్టు ఉంది. డ్రైవరు వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలం తెర వచ్చి పది సెకన్లు మాత్రమే ఆగుతుంది. ఆ లోపు ఏదో ఒక కీ నొక్కి, ఎన్‌రోల్ మోక్ (నీ డ్రైవరు సంతకపు కీని నమోదు చేసే ఎంపిక) ఎంచుకుని, అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ క్షణాన్ని జారవిడిస్తే డ్రైవరు వేసినా కెర్నల్ దాన్ని లోపలికి రానివ్వదు. రీస్టార్ట్ చేసేటప్పుడు తెర ముందు నుంచి లేవకు.

వైఫై వచ్చి కూడా సిగ్నల్ ఒక్క గీతే చూపిస్తూ, రూటరు పక్కన కూర్చుంటే తప్ప అందకపోతే, రియల్‌టెక్ 8723బీఈ చిప్పేమో చూడు. అది యాంటెన్నా కలపని కొనను వాడుకుంటూ ఉండవచ్చు. దానికి యాంట్ సెల్ అనే ఒక్క ఆప్షన్ మారిస్తే చాలు, అవసరమైతే విడిగా రాస్తాను. మాటిమాటికీ తెగిపోతుంటే పవర్ సేవింగ్ ఆపి చూడు.

ఇవేవీ కుదరకపోతే యూఎస్‌బీ అడాప్టర్ కొనడంలో తప్పేమీ లేదు. పెట్టె మీది పేరు కాక చిప్పు పేరు అడిగి కొను. ఎంటీ7612యూ అయితే డ్రైవరు కెర్నల్‌లోనే ఉంటుంది. ఏఆర్9271 ఇంకా పాతది, 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే అందుకుంటుంది గానీ దాని ఫర్మ్‌వేర్ సోర్సు కూడా అందరికీ అందుబాటులో ఉంది. నాకు అది ఇష్టం.

ముందు ఆ నెట్‌వర్క్ కంట్రోలర్ వరుసను, దాని కింది రెండు వరుసలతో సహా ఫొటో తీసి పంపు. ఈ రాత్రి పదకొండు వరకూ మెలకువగానే ఉంటాను. అక్కయ్యను, బావగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య