పేరున్న చోట ఏ కోర్సయినా ఫరవాలేదా?

ప్రశ్న: మా అమ్మాయికి రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి అందరికీ తెలిసిన ప్రసిద్ధ విశ్వవిద్యాలయం. అక్కడ భూగర్భశాస్త్రం ఇచ్చారు. రెండవది అంతగా పేరు లేనిది. అక్కడ తను కోరుకున్న స్టాటిస్టిక్స్ దొరికింది. పెద్ద పేరున్న చోట ఏం చదివినా జీవితాంతం అక్కరకొస్తుందని, కావాలంటే చేరాక కోర్సు మారవచ్చని నేను అంటున్నాను. తను ‘మీ ఇష్టం నాన్నా’ అని ఊరుకుంటోంది. నేనూ, నా భార్యా కాలేజీ మెట్లు ఎక్కినవాళ్లం కాము. పేరులేని చోట చేర్పిస్తే బిడ్డ ఎదుగుదలకు మేమే అడ్డుపడినట్లవుతుందా?

జవాబు: ప్రవేశాలు మొదలైన ప్రతిసారీ ఈ ప్రశ్న నా దగ్గరకు వస్తూనే ఉంటుంది. కోర్సుల పేర్లు మారతాయి గానీ ఆందోళన ఒక్కటే. మీరు అడిగింది రెండు విశ్వవిద్యాలయాల మధ్య తేడా గురించే అయినా, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ చివరి వాక్యం కాబట్టి ముందు దానికే సమాధానం చెబుతాను. స్టాటిస్టిక్స్‌లో చేర్పించినందువల్ల మీరు ఆమె ఎదుగుదలకు అడ్డుపడినవారు కారు.

ఇది మీ మనసు కుదుటపరచడానికి చెబుతున్న మాట కాదు. 1976లో కళాశాలల్లో చేరిన అమెరికా విద్యార్థుల తరువాతి సంపాదనను స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి, 2002లో తమ అధ్యయనాన్ని ప్రచురించారు. పేరున్న చోట చదివినవారు ఎక్కువ సంపాదించడం పైకి కనిపించే నిజమే. అయితే ఒకే స్థాయి సంస్థలకు దరఖాస్తు చేసి, ఒకే రకంగా సీట్లు తెచ్చుకున్నవారిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, వారిలో పెద్ద సంస్థలో చేరినవారికీ చిన్న సంస్థను ఎంచుకున్నవారికీ సగటు సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే మనం విశ్వవిద్యాలయం ఖాతాలో వేస్తున్న ఘనతలో చాలా భాగం ఆ పిల్లలు తమ వెంట తెచ్చుకున్నదే. రెండు చోట్లా సీటు సంపాదించిన మీ అమ్మాయి ఆ శక్తిని రెండవ చోటికి కూడా తీసుకువెళుతుంది.

మీ వాదనకు బలమిచ్చే అంశాన్నీ దాచను. అదే అధ్యయనంలో తక్కువ ఆదాయమున్న కుటుంబాల పిల్లలకూ, వారు తరువాత చేసిన పరిశీలనలో తల్లిదండ్రులు ఎక్కువ చదువుకోని పిల్లలకూ పెద్ద సంస్థ వల్ల మేలు కనిపించింది. ఇంట్లో దొరకని పరిచయాలు అక్కడ దొరకడం దీనికి ఒక కారణం కావచ్చు. అలాగే రాజ్ చెట్టీ, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, అమెరికాలోని అత్యంత ప్రసిద్ధమైన పన్నెండు సంస్థల్లో చదవడం వల్ల సగటు ఆదాయం పెద్దగా పెరగకపోయినా, పేరుమోసిన కొలువుల్లో ప్రవేశించే అవకాశం దాదాపు మూడు రెట్లవుతోంది. కన్సల్టింగ్, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ వంటి రంగాల్లో కొన్ని సంస్థలు కొన్ని ప్రాంగణాలకే వెళ్లి అభ్యర్థులను ఎంచుకుంటాయి కాబట్టి, ఆ గుమ్మం దగ్గర పేరుకు విలువ ఉన్న మాట వాస్తవం. మీ అమ్మాయి చూపు ఆ గుమ్మం మీదే ఉంటే చెప్పండి, వేరుగా ఆలోచిద్దాం. మీ ఉత్తరంలో మాత్రం ఆ సూచన ఎక్కడా లేదు.

నాకు అసలు అనుమానమంతా ‘ఏ కోర్సయినా ఫరవాలేదు, పేరుంటే చాలు’ అనే ఇప్పటి ధోరణి మీదే. నార్వేలో ప్రవేశాలన్నీ ఒకే కేంద్రం ద్వారా, మార్కుల ఆధారంగా జరుగుతాయి కనుక, కటాఫ్‌కు కొద్దిగా పైనా కొద్దిగా కిందా ఉన్నవారిని పోల్చి చూడడం అక్కడ సాధ్యమైంది. 2016లో వెలువడిన ఆ అధ్యయనంలో, ఏ సంస్థలో చదివారన్న దానికంటే ఏ విషయం చదివారన్నదే సంపాదనపై ఎంతో ఎక్కువ ప్రభావం చూపినట్లు తేలింది. మీరు తక్కువ బరువున్న అంశం కోసం ఎక్కువ బరువున్న అంశాన్ని వదులుకోమంటున్నారు. భూగర్భశాస్త్రం చిన్న చదువు కాదు, దానిని ప్రేమించేవారికి అది గొప్ప జీవితాన్నే ఇస్తుంది, కానీ ఆ ప్రేమ లేని మనిషి అక్కడ మొదటి రోజు నుంచే దానిని ప్రేమించే సహాధ్యాయులతో పోటీ పడవలసి వస్తుంది. చేరాక కోర్సు మారవచ్చన్న మీ ధీమా కూడా నాకు లేదు. చాలా చోట్ల ఆ అవకాశం మొదటి సంవత్సరంలో మంచి మార్కులు తెచ్చుకున్న కొద్దిమందికే ఇస్తారు. మనసు లేని చదువులో ఆ మార్కులు ఎలా వస్తాయో మీరే ఆలోచించండి.

ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడక తప్పదు. ‘మీ ఇష్టం నాన్నా’ అన్న మాటను మీరు అంగీకారంగా తీసుకున్నారు. ఆ మాట వాదించి అలసిపోయిన పిల్ల అనేది. ఉత్తరమంతటిలో ఆమె కోరిక గురించి మీరు రాసింది ‘తను కోరుకున్న’ అన్న ఒక్క మాటే, విశ్వవిద్యాలయం పేరును మాత్రం మూడు విధాలుగా పొగిడారు. ఆ పేరు ఆమెకు కావాలో, నలుగురిలో చెప్పుకోవడానికి మీకు కావాలో ఒకసారి నిజాయితీగా తేల్చుకోండి. చదువుకునే అవకాశం దొరకని తల్లిదండ్రులకు అటువంటి కోరిక ఉండడంలో తప్పు లేదు, కానీ దాని మూల్యం ఆమె చేత కట్టించకూడదు.

ఫీజు చెల్లించే గడువులోగా రెండు విభాగాలకూ రాసి, గత రెండు మూడు బ్యాచ్‌ల విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో, ఎక్కడ పై చదువులు చదువుతున్నారో అడగండి. స్టాటిస్టిక్స్ విభాగంలో గణితం, ప్రోగ్రామింగ్ ఎంత లోతుగా చెబుతారో, ఇంటర్న్‌షిప్‌లకు ఎవరు సహాయం చేస్తారో తెలుసుకోండి. పేరు చూసి పిలిచే సంస్థలు రాని చోట విద్యార్థే వెళ్లి తలుపు తట్టాలి కనుక, ఈ చివరి అంశం మీ అమ్మాయికి ముఖ్యం. ఆ సమాధానాలు మరీ నిరాశపరిస్తే తప్ప స్టాటిస్టిక్స్ వైపే మొగ్గమని నా సలహా. సమాధానాలు వచ్చాక వాటిని ముందుగా ఆమెకు ఇచ్చి, ఆమె చదివి తన అభిప్రాయం చెప్పేదాకా మీ అభిప్రాయాన్ని పక్కన పెట్టండి.