నెల్లూరులో ఒక్కరే ఉండేందుకు: ఊళ్ళో పాత ఫ్లాటా, హైవే వైపు కొత్త ఇల్లా?

మీరు చెప్పిన వివరాలు ఇవి. వయసు 29, ఇంకా పెళ్ళి కాలేదు, చేతికొచ్చే జీతం 62 వేలు, వీఆర్సీ సెంటర్ దగ్గర ఆఫీసు, బయటపడేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. చూసినవి రెండు. మాగుంట లేఅవుట్‌లో 12 ఏళ్ళ నాటి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, 1,100 అడుగులు. కాకుటూరు వైపు హైవేకి లోపలగా 18 అంకణాల్లో (అంకణం అంటే 8 గజాలు) కొత్తగా కట్టిన ఇండిపెండెంట్ ఇల్లు. రెండింటికీ 46 లక్షలే అడుగుతున్నారు.

నేనైతే ఫ్లాటు వైపే మొగ్గుతాను. అయితే ఆ ధరకి వద్దు, కింద చెప్పేవన్నీ చూడకుండా అసలే వద్దు.

ముందు డబ్బు సంగతి. లోను 30 లక్షలు దాటితే బ్యాంకు ఇంటి విలువలో 80 శాతం వరకే ఇస్తుంది. 30 లక్షల లోపు లోనుకైతే 90 శాతం దాకా ఇవ్వొచ్చు. 46 లక్షల మీద 80 శాతమంటే 36.8 లక్షలు. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళ గడువు అనుకుంటే లక్షకు నెలకు సుమారు 868 రూపాయల చొప్పున కిస్తీ 32 వేల దగ్గర తేలుతుంది. జీతంలో సగం పైనే. ఇంట్లో ఇద్దరు సంపాదిస్తుంటే ఒకరి ఉద్యోగం ఆగినా ఇంకొకరు లాక్కొస్తారు, మీకు ఆ వెసులుబాటు లేదు. అందుకే కిస్తీ జీతంలో 40 శాతం దాటొద్దని గట్టిగా చెప్తాను. అంటే 25 వేల లోపు, లోను 28.5 లక్షలు. దానికి తోడు ఆరు కిస్తీల డబ్బు విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండాలి.

రిజిస్ట్రేషన్ ఖర్చు స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, ఫీజు 1, మొత్తం 7.5 శాతం. 46 లక్షలకు 3.45 లక్షలు. ఇది లోనులో కలవదు. రిపేర్లకు ఇంకో రెండు లక్షలు వేసుకుంటే, 28.5 లక్షల లోను పోను మీ చేతి నుంచి 23 లక్షలు పెట్టాలి. అంత లేకపోతే 46 మీరు అందుకునే ధర కాదన్నట్టే. 38కి బేరం తెగితే 14, 15 లక్షలతో సరిపోతుంది. పాత ఫ్లాటుకు బేరం ఆడే చోటు ఎక్కువ, కొత్త ఇల్లు అమ్మేవాడు అంత దిగడు. రిజిస్ట్రేషన్‌లో తక్కువ వేసి మిగతాది నగదుగా ఇమ్మని అడిగితే ఒప్పుకోవద్దు. కాగితం మీద లేని డబ్బుకు బ్యాంకు లోను ఇవ్వదు, రేపు మీరు అమ్మినప్పుడు లాభం ఎక్కువ కనిపించి పన్ను మీ నెత్తిన పడుతుంది.

ఇక ఒంటరిగా ఉండేవాళ్ళకు అసలు పరీక్ష ఇంటికి తాళం వేసి వెళ్ళిన రోజుల్లో. సంక్రాంతికి అమ్మానాన్నల దగ్గరికి వెళ్తారు, ఆఫీసు పని మీద వారం బయట ఉంటారు. ఫ్లాటులో వాచ్‌మన్ ఉంటాడు, ఎదురింటావిడ ఉంటుంది, ట్యాంకు పొంగితే ఎవరో ఒకరు మోటారు ఆపుతారు. చుట్టూ సగం ప్లాట్లు ఖాళీగా ఉన్న కొత్త లేఅవుట్‌లో ఆ వారం ఇంటిని చూసేవాళ్ళు ఉండరు. అక్కడ కొంటే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ సేవ వాడుకోండి, తాళం వేసిన ఇంటికి వాళ్ళే కెమెరా పెడతారు. అయినా అది మనిషి అలికిడితో సమానం కాదు. ఫ్లాటుకు నెలనెలా కట్టే మెయింటెనెన్స్ దండగ అని చాలామంది అంటారు. కొత్త ఇంటి నుంచి ఆఫీసుకు రానూ పోనూ 30 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు, స్కూటీ లీటరుకు 45 ఇస్తే 17 లీటర్ల పెట్రోలు. ఆ మెయింటెనెన్స్ డబ్బు అటు పెట్రోలుకే పోతుంది.

దూరం కంటే దారి ముఖ్యం. మీరు చూసిన ఇల్లు హైవేకి ఏ పక్క ఉందో, సర్వీసు రోడ్డు అక్కడి దాకా ఉందో లేదో చూడండి. సర్వీసు రోడ్డు లేని చోట జనం యూ టర్న్‌ దాకా పోలేక అర కిలోమీటరు రాంగ్ రూట్‌లో వస్తారు, ఎదురుగా కృష్ణపట్నం పోర్టు లారీలు. రాత్రి ఎనిమిదిన్నరకి, లైట్లు లేని చోట, టూ వీలర్ మీద. ఒక శుక్రవారం ఆఫీసు వదిలే వేళకు బయల్దేరి ఆ ఇంటి దాకా వెళ్ళి రండి, మీకే తెలుస్తుంది. ఫ్లాటు దారిలోనూ తంటా లేకపోలేదు. పట్టాలకు అటు పక్క ఉంటే వర్షం పడ్డప్పుడు మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి, రామలింగాపురం అండర్ బ్రిడ్జి రెండూ నీళ్ళతో నిండుతాయి. అప్పుడు ఆఫీసుకు ఏ దారిన వెళ్తారో ముందే తేల్చుకోండి.

కొత్త ఇంటి విషయంలో నాకున్న పెద్ద అనుమానం నేల మీద. మన చుట్టుపక్కల కొత్త లేఅవుట్లు చాలావరకు మాగాణి మీద గ్రావెల్ తోలించి వేసినవే. తోలిన మట్టి కుదురుకోవడానికి కనీసం రెండు వర్షాకాలాలు కావాలి. పిల్లర్ల గుంతలు ఆ గ్రావెల్‌లోనే ఆపేస్తే, కింద బంకమట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంటే ఇల్లు ఒక పక్కకి దిగుతుంది. గుంత పాత పొలం మట్టాన్ని దాటి గట్టి నేల దాకా వెళ్ళాలి. ఫుటింగ్ వేసేటప్పుడు తీసిన ఫోటోలు అడగండి, ఇప్పుడు ప్రతి మేస్త్రీ ఫోన్లో ఉంటాయి. లేవంటే కిటికీల మూలలు చూడండి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పోయే బీట, మెట్లు గోడను కలిసే చోట చీలిక, తలుపు కింద గడపకు రాసుకోవడం, ఇవి నేల దిగుతోందనడానికి గుర్తులు. పెయింట్ కొత్తగా వేసి ఉంటే గోడ మీద అరచేతితో నిమరండి, పుట్టీ పెట్టి మూసిన బీట గట్టులా చేతికి తగులుతుంది.

మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఎండాకాలంలో ఏ లేఅవుట్ చూసినా బాగానే ఉంటుంది. 2021 నవంబరులో పెన్నాకు వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు హైవే తెగింది. కాకుటూరు వైపు పెన్నా లేదు గానీ చెరువులు, వాటి కాలువలు ఉన్నాయి. సర్వే నంబరు పట్టుకుని గ్రామ సచివాలయంలో సర్వేయరు దగ్గర ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే నంబరు వారీ కొలతల పటం) చూడండి. మీ ప్లాటు గుండా, పక్కగా కాలువ గీత ఉందంటే, ఇవాళ దాన్ని పూడ్చినా నీళ్ళు ఆ దారినే వస్తాయి. వీధిలో పాత ప్రహరీ గోడలు కూడా చూడండి. నీళ్ళు నిలిచిన ఎత్తున మట్టి గీత ఉంటుంది, దాని కింద సున్నం పొక్కి ఉప్పు తేలి ఉంటుంది. ఆ గీత మీ గడప కంటే పైన ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు, వచ్చేయండి. గడప రోడ్డు కంటే కనీసం మూడు అడుగులు ఎత్తుండాలి, ఎందుకంటే సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు పెరుగుతుంది, ఇల్లు పెరగదు.

18 అంకణాలంటే 144 గజాలు. అంత చోటులో మీ బోరు, మీ సెప్టిక్ ట్యాంకు, పక్కింటి ఇంకుడు గుంత అన్నీ పది అడుగుల్లో ఉంటాయి. అలాంటి నీటిలో నైట్రేట్ చేరుతుంది. మోటారు పది నిమిషాలు వదిలి, శుభ్రమైన సీసాలో రెండు లీటర్లు పట్టి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మోతాదు), హార్డ్‌నెస్, నైట్రేట్, ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. తాగడానికి లీటరుకు టీడీఎస్ 500 మిల్లీగ్రాముల లోపు మేలు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, 1.5 దాటకూడదు. సముద్రం వైపు ముత్తుకూరు, ఇందుకూరుపేటల్లో ఉప్పు చూసుకోవాలి. 

ఇప్పుడు ఫ్లాటు. 12 ఏళ్ళ కట్టడంలో మొదట చూడాల్సింది బాత్రూం. మీ బాత్రూం లీకు మీకు కనబడదు, కింది ఫ్లాటు సీలింగ్‌లో కనబడుతుంది, వాళ్ళను అడిగి చూడండి. మీ సీలింగ్‌లో తుప్పు రంగు గీతలు, పెచ్చులు ఊడిన చోట్లు, సన్‌షేడ్ కింద కమ్మీ బయటపడడం ఉంటే చేయించాల్సిన పని పెద్దదే. పై అంతస్తు వద్దు, మే నెలలో స్లాబు వేడి రాత్రి పన్నెండైనా దిగదు. యూడీఎస్ (మొత్తం స్థలంలో మీ ఫ్లాటు వాటా) ఎన్ని అంకణాలో దస్తావేజులో చూడండి. 100 అంకణాల స్థలంలో 20 ఫ్లాట్లుంటే ఒక్కొక్కరికి 5 అంకణాలు రావాలి, మూడే రాసుంటే మిగతాది ఎవరి పేరున ఉందో అడగండి. ప్లానులో ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో లెక్కపెట్టండి. పైన అదనంగా కట్టుంటే బీపీఎస్ (అనుమతి మించిన కట్టడాలకు జరిమానా కట్టించుకునే పథకం) కింద క్రమబద్ధం చేసిన కాగితం చూపించాలి. కార్ పార్కింగ్ నంబరు దస్తావేజులో లేకపోతే, "ఎక్కడైనా పెట్టుకోవచ్చు" అన్న మాట మీ ఫ్లాటు చేతులు మారాక ఎవరూ ఒప్పుకోరు.

కాగితాల సంగతి రెండింటికీ ఒకటే. 30 ఏళ్ళ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాల చిట్టా), లింకు డాక్యుమెంట్లు (ఇంతకు ముందు చేతులు మారిన దస్తావేజులు) అన్నీ, 22ఏ (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల) జాబితాలో సర్వే నంబరు లేదని నిర్ధారణ. కొత్త ఇంటికైతే నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చిన ఎల్‌పీ (లేఅవుట్ అనుమతి) నంబరు, ఆ ప్లాటు లేఅవుట్ వేసినవాళ్ళు నుడాకు తనఖా పెట్టిన 15 శాతం ప్లాట్లలో లేదన్న కాగితం కూడా. ఈసీలో కోర్టు కేసులు, రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు కనబడవు, కాబట్టి బ్యాంకు వకీలు ఒపీనియన్ కాక సొంతంగా ఒక వకీలుకు చూపించండి. అయిదారు వేలకు వెనకాడొద్దు.

హైవే వైపు ఇల్లే మీకు సరైంది ఎప్పుడంటే, అమ్మానాన్నలు వచ్చి మీతోనే ఉండేట్టయితే, లేదా మీ పని అటు పోర్టు వైపు మారితే. అప్పుడు కింద ఒక గది, బాత్రూం ఉండడం ఫ్లాటు కంటే సుఖం. లేకుంటే బదిలీ అయినా, పెళ్ళై వేరే ఊరు వెళ్ళినా, ఊళ్ళో ఫ్లాటుకు అద్దెకు వచ్చేవాళ్ళు త్వరగా దొరుకుతారు. అదే అపార్ట్‌మెంటులో అద్దెకున్న ఇద్దరిని ఎంత కడుతున్నారో అడిగి రాసుకోండి, బేరానికి కూర్చున్నప్పుడు పనికొస్తుంది.

అడ్వాన్సు లక్ష దాటనివ్వకండి, చెక్కు రూపంలోనే ఇవ్వండి. అగ్రిమెంటులో ఈ ముక్క తప్పకుండా రాయించుకోండి: బ్యాంకు లోను గానీ, వకీలు ఒపీనియన్ గానీ అనుకూలంగా రాకపోతే 15 రోజుల్లో అడ్వాన్సు మొత్తం తిరిగివ్వాలి. అమ్మేవాళ్ళు దానికి ఒప్పుకోకపోతే ఆ ఇల్లు వదిలేసి ఇంకొకటి చూడండి.