కొండల ఎకాలజీలో ఎత్తు గురించే అంత మాట్లాడతారెందుకు?

"హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నా, పర్వతాల మీద రీసెర్చ్ అంటే ముందు ఏం అర్థం చేసుకోవాలి" అని అడిగారు కదా, ఎత్తుతోనే మొదలుపెట్టండి. వెయ్యి మీటర్లు పైకెళ్తే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మన హైదరాబాద్ 540 మీటర్ల దగ్గర ఉంది, ఊటీ 2,240 దగ్గర, అంటే ఒక్క ఎత్తు లెక్కనే దాదాపు 11 డిగ్రీల తేడా. అందుకే ఒకే కొండ మీద అడుగు నుంచి పైదాకా చెట్లు, పురుగులు, పిట్టలు అన్నీ మారిపోతాయి. 1802లో జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ ఈక్వడార్‌లోని చింబొరాజో పర్వతం ఎక్కుతూ రాసుకున్నది ఇదే.

రెండోది, నాకైతే అసలు మజా ఇక్కడే ఉంది, జీవులు ఒకదానికొకటి దూరమై విడిగా ఉండిపోవడం. పడమటి కనుమల్లో షోలా అడవులు (ఎత్తైన చోట ఉండే చల్లటి పొట్టి అడవులు) శిఖరాల మీద దీవుల్లా ఉంటాయి, మధ్యలో వేడి లోయలు. పాలక్కాడ్ కనుమకి, అంటే ఆ కొండల వరుస మధ్యలో ఉన్న పల్లపు దారికి, అటొకటి ఇటొకటి షోలాకిలి పిట్టలున్నాయి చూడండి, ఉత్తరం దానికి పక్కలు ఇటుక రంగు, దక్షిణం దానికి బూడిద కలిసిన నీలం. చల్లటి అడవి దాటి కిందికి దిగవు కాబట్టి కలవలేదు, వేర్వేరు జాతులైపోయాయి.

మూడోది, వాతావరణం వేడెక్కితే చాలా జీవులు పైకి జరుగుతాయి, శిఖరం దాటాక వెళ్లడానికి చోటుండదు. (కొన్ని పర్వతశ్రేణుల్లో పైకెళ్లేకొద్దీ నేల కూడా తగ్గిపోతుంది, ఇది చాలామంది మర్చిపోతారు.)

ఇంకోటి, హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్ల లాకోన్స్ అనే ల్యాబ్ ఉంది, వన్యప్రాణుల డీఎన్‌ఏ మీద పనిచేస్తారు, ప్రాజెక్టుకి అక్కడ అడిగి చూడండి.