యూఎఫ్ఓలపై జరిగిన అధికారిక దర్యాప్తుల్లో చివరికి ఏం తేలింది?

ఆకాశంలో కనిపించిన గుర్తుతెలియని వస్తువుల్లో అత్యధికం గ్రహాలు, ఉల్కలు, బెలూన్లు, విమానాల వంటి మామూలువేనని తేలింది. 1969లో ముగిసిన అమెరికా వైమానిక దళ యూఎఫ్ఓ దర్యాప్తు ‘ప్రాజెక్ట్ బ్లూ బుక్’లో 12,618 ఘటనలకు 701 మాత్రమే అంతుచిక్కలేదు. పోల్చుకోవడానికి చెట్టో కొండో లేని చీకటిలో ఒంటరి వెలుగు ఎంత దూరంలో ఉందో, కదులుతోందో లేదో కన్ను సరిగా అంచనా వేయలేదు. ఉదాహరణకు, 2012-13లో లద్దాఖ్ సరిహద్దున మన సైనికులు డ్రోన్లేమోనని అనుమానించి నెలల తరబడి ఓపికగా నమోదు చేసిన వెలుగులు శుక్ర, గురు గ్రహాలని ఖగోళ శాస్త్రవేత్తలు గుర్తించారు. శిక్షణ పొందిన కళ్లకూ ఈ పొరపాటు సహజమే. అయితే ‘గుర్తుతెలియనిది’ అంటే గ్రహాంతర నౌక అని చాలామంది అపోహపడతారు. దొరికిన ఆధారాలతో కారణాన్ని నిర్ధారించలేకపోయారన్నదే ఆ మాటకు అర్థం.