పన్ను తీసేశారు సరే, బాబుకు రెండేళ్లు నిండేలోపే కదలాలి

ప్రశ్న: మా బాబుకు 14 నెలలు. మాది మేనరికం. తరచూ చెవిలో చీము కారుతుంది. పొట్ట ఉబ్బెత్తుగా ఉంటుంది, బొడ్డు దగ్గర హెర్నియా ఉంది. కూర్చోబెడితే నడుము దగ్గర వెన్ను బయటికి పొడుచుకొస్తుంది. పరీక్షల్లో ఎంపీఎస్-1, హర్లర్ సిండ్రోమ్ (ఒంట్లో ఒక ఎంజైమ్ లోపించి వచ్చే అరుదైన జన్యు జబ్బు) అని తేలింది. దీనికి వాడే లారోనిడేజ్ ఇంజెక్షన్‌పై జీఎస్టీ ఎత్తేశారట. డబ్బు సర్దుకుని ఏడాది తర్వాత మొదలుపెట్టొచ్చా?
- ఒక సోదరి, కరీంనగర్

జవాబు: మీరు విన్నది నిజమేనమ్మా. ఈ మందుపై 12 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా తీసేశారు. సొంత వాడకానికి విదేశాల నుంచి తెప్పించుకుంటే బేసిక్ కస్టమ్స్ సుంకం కూడా 2023 ఏప్రిల్ నుంచి లేదు. జిల్లా వైద్యాధికారి లేదా సివిల్ సర్జన్ సర్టిఫికెట్ ఉంటే చాలు. అయితే ఇది వారం వారం, ఏళ్ల తరబడి సెలైన్‌లా ఎక్కించే మందు. బరువును బట్టి మోతాదు కాబట్టి బిడ్డ ఎదిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. పన్ను పోయినా మామూలు కుటుంబం మోయగలిగే ధర కాదిది.

ఏడాది ఆగడం మాత్రం వద్దే వద్దు. ఈ ఇంజెక్షన్‌తో కాలేయం, ప్లీహం వాపు తగ్గుతుంది, ఊపిరి తేలికవుతుంది. కానీ మందు మెదడులోకి చేరదు. బాబు మాటలు, తెలివితేటలు నిలబడాలంటే బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ (ఎముక మజ్జ మార్పిడి) కావాలి, అదీ రెండేళ్లలోపు. అందులో రిస్క్ ఉంది, నిజమే. అయినా ఈ వయసులో అదే మేలైన దారి. దాత దొరకడానికే నెలలు పట్టొచ్చు. తోబుట్టువులుంటే ముందు వాళ్లకే మ్యాచింగ్ పరీక్షలు చేయిస్తారు.

రిపోర్టులన్నీ పట్టుకుని ఈ వారమే హైదరాబాద్ నిమ్స్‌కు వెళ్లండి. డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీతో కలిసి అది అరుదైన వ్యాధుల కేంద్రం. అరుదైన వ్యాధుల 2021 జాతీయ విధానంలో, రెండేళ్లలోపు తీవ్ర ఎంపీఎస్-1 పిల్లలను ట్రాన్స్‌ప్లాంట్‌తో మేలు జరిగే కోవలోనే చేర్చారు. ఇలాంటి కేంద్రాల ద్వారా రూ.50 లక్షల వరకు సాయం అందే వీలుంది. అక్కడ పేరు నమోదు చేయించడం మర్చిపోకండి.

మళ్లీ గర్భం వస్తే ప్రతిసారీ నాలుగింట ఒక వంతు ఇదే జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. మీ ఇద్దరి జీన్ రిపోర్టులు ముందే సిద్ధంగా ఉంటే 11-13 వారాల మధ్య పరీక్షతో తెలుసుకోవచ్చు.

హెర్నియా ఆపరేషన్ ఊళ్లోనే చేయించేద్దామని తొందరపడకండి. ఈ పిల్లలకు గొంతు దారి ఇరుకు, మెడ బిగుతు. మత్తు ఇచ్చాక గొట్టం వేయడం కష్టమవుతుంది. ఎక్కడ చేయించినా ఎంపీఎస్ ఉందని మత్తు డాక్టర్‌కు ముందే చెప్పండి.